తాళం రెండుసార్లు గుంజి చూసినావిడ

అమ్ములూ,

నీ కథ అందింది. దాంతోపాటు ఫోన్లో మీ అమ్మ బెంగ కూడా అందింది. మే మొదట్లో ఏపీ లిటరేచర్ (అమెరికా హైస్కూలు పిల్లలు రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఇంగ్లిషు సాహిత్యం) పరీక్ష ఉందనీ, అలంకారాల పేర్లన్నీ కార్డుల మీద రాసుకుని అర్ధరాత్రి దాకా బట్టీ పడుతున్నావనీ చెప్పింది. ఎనిమిదో క్లాసులో గుంటూరు నుంచి ఫ్రిస్కో వచ్చిన పిల్ల ఇంగ్లిషు సాహిత్యంలో నెగ్గుకురాగలదా అని ఆవిడ భయం. నాకు ఆ భయం లేదు. ఆ కార్డులంటేనే భయం.

ఎందుకో నీ కథతోనే చెప్తాను. నువ్వు రాసిన రెండు వాక్యాలు: "నాయనమ్మ తాళం వేసి, రెండుసార్లు గుంజి చూసి, చెవి కొంగున ముడేసుకుంది. ఆ ఇల్లు అమ్మేసి అప్పటికి గంటైంది."

దీన్నే పరీక్షలో ఇచ్చారనుకో. కార్డులు బట్టీ పట్టిన పిల్ల "రచయిత్రి ఐరనీ, ఇమేజరీ వాడి నాయనమ్మ బాధను వ్యక్తం చేసింది" అని రాస్తుంది. తప్పేం లేదు, మార్కులే రావు. ఆ మాట ఏ కథకైనా అతుకుతుంది. నువ్వైతే ఏం రాయాలి? ఇల్లు అమ్మేసిన సంగతి రెండో వాక్యం దాకా ఎందుకు దాచావో రాయాలి. ముందే చెప్పి ఉంటే మేం మొదటి నుంచీ ఆవిడ మీద జాలిపడుతూ చదివేవాళ్లం. దాచావు కాబట్టి, ఇదేదో రోజూ చేసే పనే అనుకుని ఆవిడతోపాటు మేమూ తాళం గుంజాం. అలవాటు తెగడమంటే ఎలా ఉంటుందో మా చేతికే తెలిసింది. ఇక ఆ చెవి కొన్నవాళ్ల చేతిలో పెట్టాల్సింది, కొంగున ముడేసుకుంది! ఈ ఒక్క ముడి మీద ఓ పేరా రాయొచ్చు.

పరీక్షలో రాయాల్సిన మూడు వ్యాసాల్లో ప్రతిదానికీ 6 మార్కులు. సూటిగా ఒక వాదన నిలబెడితే 1, పాఠంలోంచి ఆధారం తీసి అదేం చేస్తోందో విప్పి చెప్తే 4. బరువంతా అక్కడే ఉంది. మిగిలిన ఒక్క మార్కుని సాఫిస్టికేషన్ అంటారు. అదేదో పెద్ద పెద్ద మాటలకిచ్చే మార్కని పిల్లలు నిఘంటువులు తిరగేస్తారు. కాదు. నాయనమ్మ ఇల్లు వదల్లేకపోతోంది, నిజమే. కానీ రెండు పేజీల ముందు "అమ్మేయండ్రా" అన్నది కూడా ఆవిడే కదా. ఆ రెండు నిజాల్నీ వ్యాసం పొడుగునా పక్కపక్కన నిలబెట్టగలిగితే ఆ మార్కుకి దారి పడుతుంది.

పాత కవిత వస్తే కంగారు పడకు. మన పద్యానికి అన్వయం చెప్పుకున్నట్టే, పాదాల సంగతి పక్కనబెట్టి ముందు క్రియ ఎక్కడుందో, కర్త ఎవరో వెతుక్కో. తర్వాత 'బట్', 'యెట్' లాంటి మాట దగ్గర ఆగు. కవిత మలుపు తిరిగేది చాలాసార్లు అక్కడే.

మూడో వ్యాసం నువ్వు చదివిన పుస్తకం మీద. ఎదురుగా పుస్తకం ఉండదు. నా గోడు ఒకటి చెప్పాలిక్కడ. ఇంటర్ రెండో ఏడాదిలో గైడు చూసి ఒక పాత్రచిత్రణ కామాలతో సహా కంఠతా పట్టాను. పరీక్షలో ప్రశ్న కాస్త పక్కకి తిప్పి అడిగారు. నేను మాత్రం పట్టిన వ్యాసమే దించేసి కాలరెగరేసుకుంటూ బయటికొచ్చాను. మార్కులు వచ్చాక కాలరు దిగింది. నువ్వు ఇరవై నవలల సారాంశాలు మోసుకెళ్లొద్దు. నాలుగు పుస్తకాలు చాలు, కానీ ఏ గదిలో ఏ వస్తువు ఎక్కడుందో గుర్తుండేంతగా చదువు. కథ తిరిగి చెప్పకు, దిద్దేవాళ్లకి కథ తెలుసు. ప్రశ్న చివర్లో ఆ అంశం మొత్తం రచన అర్థానికి ఎలా తోడ్పడుతోందని అడుగుతారు చూడు, తొందరలో పిల్లలు ఆ తోకనే వదిలేస్తారు.

మల్టిపుల్ చాయిస్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. గంటలో 55 ప్రశ్నలు, మొత్తం స్కోరులో 45 శాతం. జేఈఈలోలా నెగటివ్ మార్కులు లేవు, ఏదీ ఖాళీగా వదలకు. ఆ తర్వాత మూడు వ్యాసాలకీ కలిపి రెండు గంటలు. వ్యాసానికి నలభై నిమిషాలు అనుకో, అందులో మొదటి పది చదవడానికే. ఇప్పుడు అంతా కంప్యూటర్ మీదే కాబట్టి చేతిరాత గొడవ లేదు. నీ కోడిగీతలకి అదో వరం.

ఈ ఆదివారం, పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డు సైటులోంచి పాత ప్రశ్న ఒకటి తీసి, ఫోన్లో అలారం పెట్టుకుని రాయి. అక్కడే వేరే పిల్లలు రాసిన జవాబులు, వాటికెన్ని మార్కులు ఎందుకిచ్చారో ఉంటాయి. నీది రాశాకే అవి చూడు, ముందు కాదు. రాసింది నాకు పంపు, దిద్దను, చదువుతాను.

నీ కథ సంగతి పరీక్ష అయ్యాక మాట్లాడుకుందాం. చివరి పేజీ తొందరపడి ముగించావు. బస్సెక్కాక నాయనమ్మ ఆ తాళంచెవిని ఏం చేసిందో నాకింకా తెలియలేదు.

మామయ్య