లలితకు, చిన్ని మొదటి చెస్ రేటింగ్ టోర్నమెంట్ ముందు

చి.సౌ. లలితకు, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ చిన్ని చెస్ రేటింగ్ టోర్నమెంట్ (ఆటగాళ్ల స్థాయికి పాయింట్లు లెక్కగట్టే పోటీ) ఆడబోతోందని మీ అమ్మ చెప్పింది. ఎనిమిదేళ్ల పిల్ల! ఎంత సంతోషమేసిందో. ఆ వెంటే, నువ్వు ఉద్యోగం మానేస్తావట అంది. గుండె గుభేలుమంది.

చెస్ గ్రాండ్‌మాస్టర్ ప్రజ్ఞానంద వాళ్లమ్మ నాగలక్ష్మి కథ చదివి ఈ నిర్ణయానికొచ్చావట. 2023 ప్రపంచకప్‌లో, బాకులో కొడుకు వెనకాల నిలబడ్డ ఆవిడ ఫొటో చూసి ఏ తల్లి మనసు కరగలేదు? కానీ ఆ కథలో పట్టుకోవాల్సింది వేరే ఉంది. ఆవిడ పరాయి దేశాలకీ వంటసామాను మోసుకెళ్లి పిల్లాడికి అన్నం, రసం వండిపెట్టింది. ఆటలో శిక్షణ ఇచ్చింది కోచ్ ఆర్.బి. రమేశ్. నీ వాటా కూడా వంట వైపే.

చెస్ ఫెడరేషన్ రిజిస్ట్రేషన్, ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) ఐడీ ముందే చేయించు. రెండు పెన్నులు, నీళ్లు, ఏసీ హాలైతే స్వెట్టర్. స్మార్ట్‌వాచ్ ఇంట్లోనే తీసెయ్యి, ఒంటిమీద దొరికితే గేమ్ పోయినట్టే. ముందు ఎత్తు వెయ్యాలి, ఆ తర్వాతే స్కోర్‌షీట్‌లో (ఎత్తులు రాసుకునే కాగితంలో) రాయాలి. పావుని కదిపిన చేత్తోనే క్లాక్ నొక్కాలి.

బంటు చివరి గడికి చేరి క్వీన్‌గా మారేటప్పుడు చాలామంది పిల్లలు దెబ్బతింటారు. క్వీన్ అందుబాటులో లేదని రూక్‌ని (ఏనుగుని) తలకిందులుగా పెడతారు. రూల్ ప్రకారం అది రూకే. క్లాక్ ఆపి, చెయ్యెత్తి అర్బిటర్‌ని (ఆట చూసే అంపైర్‌ని) క్వీన్ అడగమను. బంటుని మార్చకుండా క్లాక్ నొక్కితే అది ఇల్లీగల్ మూవ్. మొదటిసారి ఎదుటివాళ్లకి 2 నిమిషాలు కలుపుతారు, రెండోసారి గేమే పోతుంది.

ఇక నాకు నిద్రపట్టనివ్వని సంగతి. పిల్ల హాల్లోంచి బయటికి రాగానే "గెలిచావా?" అనడం, ఓడిందంటే స్కోర్‌షీట్ లాక్కుని అక్కడే ఫోన్లో ఇంజిన్ (ఎత్తుల తప్పొప్పులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్) తెరవడం. తరతరాలుగా తల్లిదండ్రులు చేస్తున్న తప్పు ఇదే, ఫోన్ ఒక్కటే కొత్తగా వచ్చింది. 23వ ఎత్తు తప్పని ఇంజిన్ క్షణంలో చెప్తుంది. పిల్ల ఆ ఎత్తు ఎందుకు వేసిందో మాత్రం చెప్పలేదు. ఎదుటివాళ్ల బెదిరింపు కనపడలేదా? కనపడినా లెక్క తప్పిందా? టైమ్ అయిపోతోందని కంగారుపడిందా? మూడింటికీ మందు వేరు. కోచ్‌కి కావలసింది ఆ కారణమే. నువ్వు ఇంజిన్ పెట్టిన ఎర్రగుర్తు చూపించగానే పిల్ల ఆ కారణాన్ని మర్చిపోతుంది, అమ్మ ముఖం మాత్రం గుర్తుపెట్టుకుంటుంది.

పైగా రోజుకి రెండు రౌండ్లు. ఒక్కొక్కరికి 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు అదనం అంటే, గేమ్ నాలుగు గంటలైనా సాగొచ్చు. మధ్య విరామం తిండికీ, నడుం వాల్చడానికే సరిపోదు. ఏడ్చిన కళ్లతో కూర్చున్న పిల్ల రెండో గేమ్ చకచకా ఆడేసి లేచొస్తుంది. అలా కొన్నాళ్లు గడిస్తే, గెలిచే పొజిషన్లో కూడా భయపడి డ్రా అడగడం మొదలెడుతుంది. అది అలవాటైతే మాన్పించడం మహా కష్టం.

అందుకే బయటికి రాగానే "ఆకలేస్తోందా?" అని అడుగు. స్కోర్‌షీట్ సంచిలో పడెయ్యి. టోర్నమెంట్ అయ్యాక, ఇంట్లో బోర్డు మీద, ఆ గేమ్ తనే ఆడి చూపించాలి. ఎక్కడ ఏమనుకుందో తన మాటల్లోనే రాసుకోవాలి. తర్వాత కోచ్, అందరికంటే చివర ఇంజిన్.

రేటింగ్ కోసం కంగారుపడకు. మొదటి టోర్నమెంట్‌లో అర పాయింటూ రాకపోతే అది లెక్కలోకే రాదు. రేటింగ్ వచ్చాక కూడా పిల్లలకి కె విలువ (ఒక్కో గేమ్‌తో రేటింగ్ ఎంత మారాలో తేల్చే అంకె) 40, సమాన రేటింగ్ ఉన్నవాళ్ల మీద ఓడితే 20 పాయింట్లు పోతాయి, గెలిస్తే 20 వస్తాయి. ఊగుతూనే ఉంటుంది.

ఉద్యోగం మాత్రం మానకు తల్లీ. సెలవు పెట్టుకో. నువ్వు వదులుకున్న జీతం సంగతి చిన్నికి ఎవరో ఒకరు చెప్తారు, ఆ రోజునుంచి ఏ గేమ్ ఓడినా నీకు బాకీ పడ్డట్టే అనుకుంటుంది. అంత బరువు ఎనిమిదేళ్ల పిల్ల మొయ్యలేదు.

రౌండ్ల మధ్య పెరుగన్నం పెట్టు, పులిహోర వద్దు, దాహమేస్తుంది. ఎంట్రీ ఫీజు నేను పంపుతాను, కాదనకు.

మీ పెద్దమ్మ