యాగ్ లేజర్‌తో పొర తీస్తే కన్ను కాలదా?

ప్రశ్న: మా అమ్మకు రెండేళ్ల కిందట శుక్లం ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు మళ్లీ మసక. లోపల పొర పట్టిందని, యాగ్ లేజర్‌తో ఐదు నిమిషాల పని అని డాక్టరుగారు అన్నారు. లేజర్ ఇనుమునే కోస్తుంది కదా, కన్ను కాలిపోదా అని అమ్మకు ఒకటే టెన్షన్. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నేను లేజర్ ల్యాబులో పనిచేసిన రోజుల్లో, కొత్తగా చేరిన పిల్లలకు రక్షణ కళ్లద్దాలు పెట్టించి ముందు ఒకటి చూపించేవాణ్ని. యాగ్ లేజర్ కాంతిని లెన్సుతో గాలిలోనే ఒక చుక్క దగ్గరకు చేర్చేవాణ్ని. లేజర్ లోపలి షట్టర్ ఎప్పుడూ తెరిచే ఉంచితే అక్కడ ఏమీ కనబడదు. అదే షట్టర్‌ను పనిలోకి దించామా, టప్‌మని తెల్లటి నిప్పురవ్వ! విచిత్రమేమిటంటే, రెండోసారి బయటికొచ్చిన శక్తి మొదటిసారి కంటే తక్కువే. తేడా అంతా అది ఎంతసేపట్లో వచ్చిందన్న దాంట్లో ఉంది.

చెరువు తూము తెరిచే ఉంచితే నీళ్లు వచ్చినవి వచ్చినట్టే పోతాయి. మూసి, నిండాక ఒక్కసారి ఎత్తితే ఆ ఉరవడే వేరు. ఈ లేజర్‌లో కాంతిని పుట్టించే స్ఫటికం పేరే యాగ్. అందులో కలిపిన నియోడిమియం అనే లోహపు అయాన్లు ఫ్లాష్ దీపం ఇచ్చిన శక్తిని సుమారు 230 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు) పట్టి ఉంచగలవు. ఆ కాసేపూ స్ఫటికానికి అటూ ఇటూ ఉండే రెండు అద్దాల మధ్య కాంతి తిరగకుండా షట్టర్ అడ్డుంటుంది. తెరుచుకోగానే, కూడిన శక్తి కొన్ని నానోసెకన్లలో (నానోసెకను అంటే సెకనులో వంద కోట్ల వంతు) బయటపడుతుంది. దీన్నే క్యూ-స్విచింగ్ అంటారు. 1962లో మెక్‌లంగ్, హెల్‌వర్త్ అనే శాస్త్రవేత్తలు కెంపు లేజర్‌తో దీన్ని చేసి చూపించారు.

కంట్లోకి పంపే ఒక్కో పల్స్‌లో, అంటే ఒక్కో కాంతి విడతలో, ఉండేది మామూలుగా ఒకటి రెండు మిల్లీజౌళ్లే. ఒక గ్రాము బరువును 10 సెంటీమీటర్లు ఎత్తడానికి ఒక మిల్లీజౌల్ పడుతుంది, అంత చిన్నది. కానీ అదే 4 నానోసెకన్లలో పడితే, ఆ క్షణంలో రెండున్నర లక్షల వాట్లు! అదీ వెంట్రుక మందం కూడా లేని చుక్క మీద. అక్కడ పొర చిట్లి చిల్లు పడుతుంది. చుట్టుపక్కలకు వేడి పాకేంత వ్యవధి ఉండదు. ఇనుము కోసే లేజర్ అలా కాదు, ఆగకుండా పడుతూ కరిగిస్తుంది. టప్ టప్ అని చిన్న చప్పుళ్లు వినిపించవచ్చని అమ్మగారికి ముందే చెప్పండి, లేకపోతే ఉలిక్కిపడతారు.

ఇంకో మాట. ఇది మళ్లీ వచ్చిన శుక్లం కాదు. కొత్త లెన్సును మోస్తున్న పలచటి సంచి వెనక గోడ మసకబారింది, అంతే.

గడ్డం స్టాండు మీద ఆనించి, డాక్టరుగారు చూడమన్న వైపే చూస్తూ కదలకుండా కూర్చోమనండి. తర్వాత కొన్నాళ్లు నల్లటి చుక్కలు తేలుతున్నట్టు కనిపించవచ్చు. మెరుపులు కనబడినా, చూపులో ఒక పక్క తెర దిగినట్టున్నా మాత్రం ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.