“ఐ వుడ్ సజెస్ట్” అంటే ఇష్టమైతే చెయ్యమనా?

ఒంగోలు పక్క పల్లె నుంచి లీడ్స్‌కి ఎమ్మెస్సీకి వచ్చిన తమ్ముడు అడిగాడు: “అన్నా, డిసర్టేషన్ డ్రాఫ్ట్ పంపిస్తే మా సూపర్‌వైజర్ మేడం ‘ఐ వుడ్ సజెస్ట్ రీవర్కింగ్ చాప్టర్ టూ’ అని రాశారు. సజెషనే కదా, టైముంటే చేద్దాంలే అనుకుంటున్నా. పర్లేదా?”

అట్టా అనుకోవద్దు తమ్ముడూ. ఈ రాత్రికే ఆ చాప్టర్ తెరువు.

మన వైపు కాలేజీలో లెక్చరరుకి నచ్చకపోతే ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేసి “మళ్లీ రాసుకురా పో” అంటాడు. అనుమానానికి చోటుండదు. ఇంగ్లండులో పైవాళ్లు అంత నేరుగా చెప్పరు. “ఐ వుడ్ సజెస్ట్”, “యూ మే విష్ టు కన్సిడర్”, “ఇట్ మైట్ బి వర్త్ లుకింగ్ ఎట్” అని మెత్తగా అంటారు. మార్కులు వేసే మనిషో, ప్రొబేషన్ ఖాయం చేసే మనిషో అంటే మాత్రం మూడింటికీ ఒకటే అర్థం: చెయ్యి. అదే హాస్టల్లో పక్కగది కుర్రాడు “ఐ సజెస్ట్ ద చికెన్” అంటే నిజంగానే నీ ఇష్టం. అందుకే ఆ మాట ఎవరంటున్నారో, వాళ్ల చేతిలో నీది ఏముందో ముందు చూసుకోవాలి.

మేడం చెప్పింది నీకు సబబుగా అనిపించకపోతే? చెయ్యకపోయినా ఫర్వాలేదు, కానీ ఎందుకు చెయ్యలేదో రాయాలి. “ఆ భాగాన్ని ఇందుకు ఉంచాను” అని రెండు వాక్యాలు చాలు. కారణం చెప్పి కాదంటే ఇక్కడ పొగరనుకోరు. ఉలుకూ పలుకూ లేకుండా వదిలేస్తేనే లెక్కచెయ్యలేదనుకుంటారు. మన పిల్లలు ఎక్కువమంది సరిగ్గా ఇక్కడే నష్టపోతున్నారు. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని నోరు మూసుకుంటారు, చెప్పిందీ చెయ్యరు. తెలివైన పిల్లలకి మార్కులు తగ్గుతుంటే బాధేస్తుంది.

ఇక మనం ఆ మాట వాడేటప్పుడు. “ఐ సజెస్ట్ యూ సెండ్ ఇట్ టుడే” అని మేనేజరుకి రాయొద్దు. గ్రామరు తప్పులేదు గానీ బ్రిటిష్ వాళ్ల చెవికి అది హెచ్చరికలా వినిపిస్తుంది. “ఐ సజెస్ట్ యూ లీవ్” అంటే బయటికి నడువు అనే. మనకంటే పెద్ద హోదాలో ఉన్నవాళ్లతో “మే ఐ సజెస్ట్”, “షల్ వి”, “హౌ అబౌట్” అని మొదలుపెడితే సరిపోతుంది. మీటింగులో కొత్తగా చేరినవాడు కూడా అట్టా మాట్లాడొచ్చు, మాట్లాడాలి కూడా. పెద్దల ముందు మనకెందుకులే అని మూల కూర్చుంటే, వీడికి చెప్పడానికి ఏమీ లేదనుకుంటారు.

వాట్సాప్ గ్రూపుల్లో రోజూ కనిపించేది ఇంకొకటుంది: “ప్లీజ్ సజెస్ట్ మీ ఎ గుడ్ రూమ్.” టెల్ మీ, షో మీ, గివ్ మీ అంటాం గానీ “సజెస్ట్” పక్కన ఇంగ్లిషు “మీ” (నాకు) అట్టా నేరుగా రాదు. “కుడ్ యూ సజెస్ట్ ఎ గుడ్ రూమ్?” అంటే చాలు, మనిషిని చెప్పి తీరాలంటే చివర “టు మీ” చేర్చాలి. “సజెస్ట్ టు గో” కూడా తప్పే, “సజెస్ట్ గోయింగ్” అనాలి. “ఐ సజెస్టెడ్ దట్ హీ గో” అని అమెరికా వాళ్లు రాస్తే, అక్కడ ఎస్ మర్చిపోయారనుకోకండి, వాళ్ల పద్ధతే అది. ఇంగ్లండులో “హీ షుడ్ గో” అనడం ఎక్కువ.

జాగ్రత్తగా ఉండాల్సింది “ఆర్ యూ సజెస్టింగ్...?” అని ఎవరైనా అడిగినప్పుడు. ఇక్కడ సలహా ఊసే లేదు, “నా మీద నింద వేస్తున్నావా?” అని. అద్దె డిపాజిట్ గురించి అడిగితే ఇంటి ఓనరు “ఆర్ యూ సజెస్టింగ్ ఐ కెప్ట్ యువర్ మనీ?” అన్నాడనుకో, సంబరంగా “యెస్ యెస్” అనొద్దు. ఇంగ్లండులో మామూలు అద్దె ఒప్పందమైతే డిపాజిట్‌ని 30 రోజుల్లోపు ప్రభుత్వం ఆమోదించిన స్కీములో పెట్టాలని చట్టం. “నింద కాదు, ఏ స్కీములో పెట్టారో వివరాలు కావాలి” అని రాతపూర్వకంగా అడుగు.

డిసర్టేషన్లో నీకు బాగా పనికొచ్చేది ఇంకో అర్థం. “మై రిజల్ట్స్ ప్రూవ్” అని రాస్తే ఎగ్జామినరు పట్టుకుంటాడు, “సజెస్ట్” అని రాయి. ఆనవాళ్లు అటు చూపిస్తున్నాయి, ఇంకా తేలలేదు అని దానర్థం. మన రొయ్యల గుంటల దగ్గర పెరిగినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. 1994 ప్రాంతంలో టైగర్ రొయ్యని ఊడ్చేసిన వైట్‌స్పాట్ వైరస్ గుర్తుందిగా. పెంకు మీద తెల్లమచ్చలు కనిపిస్తే ఆ వైరస్సేమోనని గుండె ఆగినంత పనవుతుంది. కానీ అట్టాంటి మచ్చలు బ్యాక్టీరియా వల్లా రావచ్చు, నీళ్ల గుణం వల్లా రావచ్చు. మచ్చ సజెస్ట్ చేస్తుంది, తేల్చేది పీసీఆర్ టెస్టు. నీ సర్వే మచ్చ వరకే వచ్చినప్పుడు పీసీఆర్ చేసినట్టు రాయకు.

ఇదే మాట ఇంటి నుంచి కూడా వస్తుంది, అప్పుడు భయపెడుతుంది. నెల్లూరు పొగతోటలో అమ్మకి స్కానింగ్ తీయిస్తారు, అర్ధరాత్రి నీకు రిపోర్టు ఫొటో వస్తుంది. అందులో “సజెస్టివ్ ఆఫ్” అని ఏదో జబ్బు పేరు, కింద “సజెస్టెడ్ క్లినికల్ కోరిలేషన్” అని. రెంటికీ అర్థం వేరు. మొదటిది: ఫిల్ములో కనిపించేది ఆ జబ్బు వైపు చూపిస్తోంది. రెండోది సలహా: అమ్మ బాధలూ మిగతా పరీక్షలూ దీనితో పోల్చి డాక్టరు నిర్ణయించాలి. జబ్బు ఖాయమైందని రెండిట్లో ఏదీ చెప్పదు, ఏమీ లేదనీ చెప్పదు. ఆ పేరుని గూగుల్లో వెతికి ఇక్కడ నువ్వూ అక్కడ నాన్నా నిద్ర పాడుచేసుకోవద్దు. ఫిల్ములూ రిపోర్టూ తీసుకుని, స్కానింగ్ రాసిన డాక్టరు దగ్గరికే పొద్దున్నే వెళ్లమను. “ఇది తేలాలంటే ఇంకా ఏ పరీక్ష కావాలండీ?” అని అడగమను. కుదిరితే ఆ టైముకి నువ్వు వీడియో కాల్లో ఉండు.