పక్కవాడి స్కోరులో కనిపించే ఆటగాడు

ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్ చూడడం ఈమధ్యే మొదలుపెట్టాను. లైన్‌మన్ బంతి పట్టుకుని పరుగెత్తడు, పాయింట్లు చెయ్యడు. మరి తొలి రోజుల లైన్‌మన్లలో ఫలానావాడు గొప్పవాడని ఏం చూసి చెబుతారండీ?

జవాబు: పక్కవాడి స్కోరు చూసి చెప్పాలండీ. 1929 నవంబర్ 28న షికాగో కార్డినల్స్ జట్టు అదే ఊరి బేర్స్ జట్టును 40-6తో ఓడించింది. ఆ 40 పాయింట్లూ ఎర్నీ నెవర్స్ ఒక్కడే చేశాడు. ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో, ఒకే మ్యాచ్‌లో 40 పాయింట్లు చేసినవాడు ఇప్పటికీ మరొకడు లేడు. నెవర్స్‌కు అడ్డొచ్చినవాళ్లను పక్కకు నెట్టి దారి చేసిన టాకిల్ (లైన్‌మన్లలో ఒక స్థానం) పేరు డ్యూక్ స్లేటర్. ఆ రోజు 60 నిమిషాలూ మైదానంలోనే ఉన్నాడు. స్కోరు లెక్కలో ఆయనది సున్నా. నన్నడిగితే మాత్రం ఆ 40లో ఆయనకూ వాటా ఉంది.

స్లేటర్ తండ్రి చర్చి పాదిరి. స్కూల్లో ఆడేటప్పుడు బూట్లు, హెల్మెట్ రెండూ కొనే స్తోమత లేక, కుర్రవాడు బూట్లే అడిగాడు. ఐయోవా యూనివర్సిటీకి ఆడుతున్నప్పుడు కూడా తలకేమీ లేదు. 1921లో నోటర్‌డామ్ యూనివర్సిటీ జట్టు వరుసగా 20 మ్యాచ్‌లు గెలిచి వస్తే, ఐయోవా 10-7తో ఆపేసింది. ఆనాటి ఫొటో ఒకటి దొరికితే తప్పకుండా చూడండి: హెల్మెట్ లేని స్లేటర్ ఒక్కడే ముగ్గుర్ని అడ్డుకుంటుంటాడు, వెనకాల బంతితో ఐయోవా ఆటగాడు లాక్ వస్తుంటాడు. లైన్‌మన్ పనేమిటో అంతకంటే బాగా నేను చెప్పలేను.

1922లో రాక్ ఐలండ్ జట్టులో చేరి, ఎన్ఎఫ్ఎల్‌లో మొదటి నల్లజాతి లైన్‌మన్ అయ్యాడు. 1924లో కాన్సస్ సిటీలో మ్యాచ్‌కు, నల్లవాడన్న ఒక్క కారణంతో ఆయన్ని ఆడనివ్వలేదు. ఆ మ్యాచ్ రాక్ ఐలండ్ ఓడిపోయింది. అది చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. 1926 నుంచి 1931 దాకా కార్డినల్స్‌కు ఆడాడు. ఆడుతూనే లా చదివి 1928లో పట్టా తీసుకున్నాడు, 1948లో షికాగోలో జడ్జిగా ఎన్నికయ్యాడు.

మేటి ఆటగాళ్లను గౌరవించే కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1951లో మొదటి విడతలోనే ఆయన్ని తీసుకుంది. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మాత్రం 2020 దాకా ఆగింది. అప్పటికి స్లేటర్ పోయి 54 ఏళ్లు.