సీగల్ పక్షులు చెట్ల మీద వాలతాయా, గూడు కడతాయా?

వాలతాయి, కొన్ని జాతులు చెట్ల మీదే గూడు కూడా కడతాయి. కాకపోతే ఎక్కువ జాతులు నేల మీదో, కొండ చరియల మీదో, ఇళ్ల కప్పుల మీదో గుడ్లు పెడతాయి.

ఇందుకు ఒక కారణం కాలి నిర్మాణం. కాకికి వెనక వేలు పొడవుగా ఉండి, ముందు వేళ్లకు ఎదురుగా వచ్చి కొమ్మను బిగించి పట్టుకుంటుంది. సీగల్‌కు ఆ వేలు చిన్న మొలకలా, కాస్త పైకి ఉంటుంది. అందుకే సన్నని రెమ్మ మీద నిలవలేక రెక్కలాడిస్తూ తూలుతుంది. లావుపాటి కొమ్మ, విరిగిన మొద్దు, చదునైన చెట్టు కొస దొరికితే మాత్రం పాదం పరిచి హాయిగా నిలబడుతుంది.

చక్కని ఉదాహరణ ఉత్తర అమెరికాలోని బొనపార్ట్ సీగల్. కెనడా, అలాస్కా అడవుల్లో నీటి దగ్గరున్న స్ప్రూస్ లాంటి సూదాకుల చెట్ల మీద, నేలకు కొన్ని మీటర్ల ఎత్తులో, పుల్లలతో గూడు కట్టి లోపల నాచు, గడ్డి పరుస్తుంది. సాధారణంగా 3 గుడ్లు. చలికాలంలో తీరాలకు వచ్చేస్తుంది కాబట్టి, అక్కడ చూసినవాళ్లు దీన్ని చెట్టు పక్షి అనుకోరు.

చాలామంది పొరబడేది వేళ్ల మధ్య పొర విషయంలో. ఆ పొర ఉంటే చెట్టెక్కలేదనుకుంటారు. నీటికాకిని చూడండి: దానికి నాలుగు వేళ్లనూ కలుపుతూ పొర ఉంటుంది, అయినా చెట్ల మీద గుంపులుగా గూళ్లు కడుతుంది. కొమ్మను పట్టుకోవడంలో అసలు తేడా తెచ్చేది వెనక వేలి పొడవు.