ఆ పేడ ట్రాలీ ఆపించు పాపా

చిరంజీవి పాపకు పెద్దనాయన దీవించి రాసేది.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. కొత్తింటి వెనకాల రెండు సెంట్ల జాగా బాగు చేయిస్తున్నావంట, దసరాకల్లా కూరగాయల మళ్ళు వేస్తావంట. చిన్నప్పుడు కాలికి బురదంటితే ఏడ్చేదానివి, ఇప్పుడు సొంతంగా గడ్డపార కొన్నావని ఊళ్ళో నలుగురికి చెప్పుకున్నాను. అంతవరకు బాగుంది. చివర్లో మీ అమ్మ ఇంకో మాటంది: ఆదివారం డెయిరీ నుంచి ట్రాలీ పచ్చి పేడ తోలిస్తున్నావని. అది ఆపించు. ఫోన్లో చెప్తే 'సరేలే పెద్దనాయనా' అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నా.

మొదట కాలం సంగతి. మన అనంతపురంలో కూరగాయలకు అసలైన కాలం చలికాలమే. మంచు పడి మాడిపోయే భయం లేదు. ఎండ ముదిరితే టమేటా పూత రాలిపోతుంది, కొత్తిమీర మొలిచీ మొలవకముందే పూతకొస్తుంది. కాబట్టి ఇప్పటి నుంచి శివరాత్రి దాకా నీ చేతిలో ఉన్న ఐదారు నెలలే లెక్క. హస్త, చిత్త కార్తెల్లో మన పక్క వానలు దంచుతాయి కాబట్టి మడి నేలకు అరడుగు ఎత్తు ఉండాలి. వెడల్పు మూడడుగులు చాలు, రెండు పక్కల నుంచీ చెయ్యి నడుమకు అందుతుంది. లోపల కాలు పెట్టకూడదు. మళ్ళ నడుమ అడుగున్నర దారి వదులు. పొడుగు నీ ఇష్టం.

నారు పోసేది చెప్పడానికేముంది. వంగ, మిరప విత్తనం ఈ వారమే పోయి, వాటికి 35 నుంచి 40 రోజులు పడుతుంది. టమేటా, క్యాబేజీ 25, 30 రోజులకే నాటుకు వస్తాయి. పల్చగా, వేలెడు ఎడంతో సాళ్ళు గీసి పోయి. ఒత్తుగా పోసి సాయంత్రం నీళ్ళు కొడితే మొదలు కుళ్ళి ఒక్క రాత్రిలో చాప పరిచినట్టు పడిపోతుంది. టమేటా 'అర్క రక్షక్' దొరికితే తీసుకో, ఆకుముడతను తట్టుకుంటుంది. అది హైబ్రిడ్, దాని గింజ మళ్ళీ పోయడానికి దాచొద్దు. నలుగురికి ఇరవై టమేటా, పది మిరప, ఎనిమిది వంగ ఎక్కువే. చెట్టు చెట్టుకు రెండడుగులు. నాటేటప్పుడు అంత జాగా వృథా అనిపిస్తుంది, సంక్రాంతికి చూడు.

ఇప్పుడు పేడ విషయం.

మీ జాగా ఎర్ర గరుసు నేల, చెదలకు పుట్టినిల్లు. నువ్వు పుట్టక ముందు మన పాత ఇంటి పెరట్లో ఇదే నేలలో నేను ఇదే పని చేసినాను. ఎనుముల కొట్టంలో నుంచి తీసిన పేడ, తొక్కి వదిలేసిన జొన్నసొప్పతో సహా, పదిహేను దినాలు కూడా మాగలేదు. నాలుగు మళ్ళలో అరడుగు మందాన పరిచి తవ్వి కలిపినా. డెబ్బై టమేటా మొక్కలు నాటి, నడుమ సాళ్ళలో పాలాకు, ముల్లంగి చల్లినా. మూడు వారాలు కళకళలాడినాయి. నాలుగో వారం మధ్యాహ్నం రెండు మొక్కలు తలవాల్చి పొద్దుగూకేసరికి లేచినాయి. నీళ్ళు చాలలేదనుకొని తెల్లారి నాలుగు బిందెలు ఎక్కువ పోసినా. మరుసటి దినం ఐదు వాలినాయి, సాయంత్రమైనా లేవలేదు. మళ్ళీ నీళ్ళే పోసినా. మడి తడిగా ఉండి మొక్క వాడిందంటే రోగం వేరులో ఉందని అర్థం. ఆ పాటి ఆలోచన రాలేదు.

ఒకదాన్ని పట్టుకుంటే పీకకుండానే చేతికొచ్చింది. తల్లివేరు లేదు. కాండాన్ని గోటితో చీలిస్తే లోపల బోలు, బోలు నిండా ఎర్రమన్ను గోడకు మెత్తినట్టు మెత్తి ఉంది. ఆ మన్నులో తెల్లగా కదులుతున్నాయి. చెదలు మొదట నీ మొక్క కోసం రావు పాపా, చివకని సొప్ప కోసం, పుల్ల కోసం వస్తాయి. మాగని పేడంటే వాటికి విస్తరి వేసినట్టే. ఒకసారి దారి చేసుకున్నాక పక్కనే ఉన్న వేరును వదులుతాయా? పచ్చి పేడతో ఇంకో బాధ కూడా ఉంది, అందులో పెంకుపురుగులు గుడ్లు పెడతాయి. వేరును కొరికే తెల్ల లావు పురుగు ఆ గుడ్లదే. మాగేటప్పుడు పుట్టే వేడి లేతవేరును కాలుస్తుంది. ఎనుము తిన్న గడ్డి గింజలన్నీ నీ మడిలో మొలుస్తాయి.

చెదలు తిన్నది సగమే. మిగతా సగం నేను చేసింది. శెనక్కాయ చేనికి తెచ్చిన ఫోరేట్ అనే పురుగుమందు గుళికలు మిగిలి ఉంటే ఒక్కో మొదట్లో చిటికెడు చిటికెడు వేసి నీళ్ళు కట్టినా. మరుసటి పొద్దున మీ పెద్దమ్మ ఆ మడిలోనే పాలాకు రెండు కట్టలు కోసి పప్పులో వేసింది. నేను చేను నుంచి వచ్చి చూసేసరికి మెదుపుతా ఉంది. గుళిక మందు పైన పడి ఉండేది కాదు, కడిగితే పోవడానికి. వేరు పీల్చుకుని ఆకులోకీ కాయలోకీ ఎక్కిస్తుంది. చట్టి చట్టినే ఎత్తుకుపోయి గుంత తీసి పూడ్చినా. మీ అన్నకు అప్పుడు మూడేండ్లు, ముద్ద కోసం గిన్నె పట్టుకొని కూచోనుండె. ఆ చలికాలం ఆ నాలుగు మళ్ళలో ఒక్క ఆకు కోయలేదు. ఫోరేట్‌ను 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషేధించినారు. అయినా ఎవరో ఒకరు ఇంకో పేరు గుళిక చేతిలో పెట్టి 'ఇది కొంచెం వెయ్యమ్మా, చెదలు పోతాయి' అంటారు. నీ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, వాళ్ళు టమేటా చెట్టు మీదే కోసుకు తింటారు. ఆ జాగాలోకి గుళిక అన్న మాటే రాకూడదు. తిట్టినాననుకో, తిట్టు కూడా పడు.

మరి ఎరువెట్లా అంటావు. పాత దిబ్బ ఉన్న రైతును వెదుకు. బుక్కరాయసముద్రం పక్క పల్లెల్లో అడిగితే దొరుకుతుంది. చూసి తీసుకో: మాగిన దిబ్బలో చెయ్యి పెడితే వెచ్చగా ఉండదు, పేడ వాసన రాదు, తొలకరి మన్ను వాసన వస్తుంది. పిడికిట పట్టి వదిలితే పొడిపొడిగా రాలుతుంది, గడ్డిపోచ గుర్తు కనబడదు. రెండు సెంట్లకు రెండు క్వింటాళ్ళు, అంటే పెద్ద గోతాలు ఎనిమిది. దాంట్లో నాలుగు కిలోల వేపపిండి కలిపి పైన అరడుగు మట్టిలోకి తవ్వి కలుపు. క్యారెట్, ముల్లంగి వేసే మడికి మాత్రం ఎరువు తగ్గించు, జల్లెడ పట్టిన మట్టి తొమ్మిదంగుళాలు పోయి. గరుసులో క్యారెట్ రెండు కాళ్ళతో బయటికొస్తుంది.

డెయిరీ వానికి డబ్బులు ఇచ్చేసి ఉంటే పేడను ఒక మూల నీడన కుప్ప వేయించు. మెత్తగా తడుపుతూ నెలకోసారి తిరగెయ్యి. ఉగాది దాటినాక వాడుకో, వృథా ఏమీ కాదు. పాత మొద్దులు, విరిగిన పలకలు మడి పక్కన ఉంచొద్దు. చెద పట్టినట్టు అనుమానమైతే ఒక మట్టి కుండలో తడిపిన సొప్ప, జొన్న మోళ్ళు కుక్కి మడి గట్టున బోర్లించి పెట్టు. నాలుగైదు దినాల్లో చెదలు దాంట్లోకి చేరతాయి. ఎత్తి కోళ్ళకు దులుపు. మీ వీధిలో కోళ్ళు లేకపోతే మరుగునీళ్ళలో ముంచు.

నీళ్ళ దగ్గర నాకు ఇంకో భయం. మీ కొళాయి మూతికి తెల్లగా గడ్డ కడుతోందా? కట్టిందంటే బోరు నీళ్ళు గట్టివని, ఉప్పు కూడా ఉండొచ్చని అర్థం. నీళ్ళు, మట్టి రెండూ ఒకసారి పరీక్ష చేయించు, ఎక్కడ చేస్తారో రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడుగు. ఉప్పు నీళ్ళకు మొదట బీన్స్ ఆకు అంచులు మాడతాయి, తర్వాత ముల్లంగి, క్యారెట్, ఎర్రగడ్డ. పాలాకు, బీట్‌రూట్ కొంత ఓర్చుకుంటాయి. బీన్స్ ఒప్పకపోతే మొండికెయ్యొద్దు. రోజూ నీళ్ళు పెట్టొద్దు. రెండంగుళాలు వేలు గుచ్చి తడి తగలకపోతేనే, అదీ పొద్దునే, మొదట్లో. ఆకు రాత్రంతా తడిసి ఉంటే తెగులు ఎక్కుతుంది. మడి మీద శెనక్కాయ పొట్టు పరువు, మన ఊళ్ళో దానికి కరువా? అయితే మొదలుకు నాలుగంగుళాల దూరం ఉంచు, అది కూడా చెదలకు ఇష్టమే.

ఆకుకూరలు ఒకేసారి చల్లేయొద్దు. పదిహేను దినాలకు ఒకసారి మూడడుగుల జాగాలో చల్లుకుంటే శివరాత్రి దాకా కోస్తూనే ఉంటావు. కొత్తిమీర గింజను చెప్పు కింద మెల్లగా రుద్ది రెండు పప్పులు చేసి రాత్రంతా నానబెట్టు. పది రోజులకు మొలుస్తుంది, ఐదో రోజే తవ్వి చూడొద్దు, అది నీ అలవాటు. ముల్లంగిని 45 రోజులకు పీకెయ్యి, ఉంచితే బెండు పడుతుంది. బెండ, సొర చలికి ముడుచుకుంటాయి, సంక్రాంతి పోయినాక వెయ్యి.

పురుగుకు వేపగింజ కషాయం చాలు. పొట్టు తీసిన పప్పు అర కిలో నూరి గుడ్డలో కట్టి పది లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టు. పిండి వడకట్టి కొంచెం సబ్బునీళ్ళు కలిపి చల్లపొద్దున ఆకు అడుగు తడిసేట్టు కొట్టు, ఆ రోజే వాడెయ్యి. టమేటా నడుమ ఒక సాలు బంతి, క్యాబేజీ పక్కన ఆవాలు రెండు సాళ్ళు చల్లు. పురుగు ముందు వాటి మీద పడుతుంది. బంతి పూలు దేవుని పటానికి సరే.

మీ అన్న సోమవారం బస్సుకు అనంతపురం వస్తున్నాడు. ఎండబెట్టిన వేపగింజలు నాలుగు కిలోలు, మన అనప విత్తనాలు రెండు పిడికిళ్ళు మూట కట్టి ఇస్తున్నా. అనప గట్టు వెంబడి రెండడుగులకు రెండేసి గింజలు పెట్టు, చలికాలం వస్తేగానీ పూయదు, అంతవరకు కంగారు పడి పీకొద్దు. సంక్రాంతికి పితికిపప్పు అవుతుంది. మూట మీ పెద్దమ్మ చీరగుడ్డతో కట్టింది, తినేవేమో అని పిల్లోళ్ళు విప్పుతారు, పైన అలమర్లో పెట్టు.