ఏవీఆర్‌కి కరెంటు ఎక్కడినుంచి వస్తోందో అడుగు

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. కేవీఏ, ఇంజన్, డీజిల్ ఖర్చు అన్నీ వివరంగా రాశావు. చివర్లో "రెండు జనరేటర్లలోనూ ఏవీఆర్ ఉంది, మరి ధరలో అంత తేడా ఎందుకు?" అని అడిగావు. ఆ ఏవీఆర్‌కి, అంటే జనరేటర్ వోల్టేజిని నిలకడగా ఉంచే ఆటోమేటిక్ వోల్టేజి రెగ్యులేటర్‌కి, సప్లై ఎక్కడినుంచి వస్తుందో కనుక్కుంటే సగం జవాబు దొరికినట్టే.

ఏవీఆర్ ఎక్సైటర్ ఫీల్డ్‌కి, అంటే జనరేటర్ అయస్కాంతత్వాన్ని నడిపించే చిన్న కాయిల్‌కి, డీసీ (ఎక్సైటేషన్) ఇస్తుంది. అవుట్‌పుట్ వోల్టేజి తగ్గితే ఎక్కువ, పెరిగితే తక్కువ. ఆ ఇచ్చేది అది ఎక్కడో ఒకచోట తీసుకోవాలి కదా. షంట్ పద్ధతిలో జనరేటర్ అవుట్‌పుట్ నుంచే తీసుకుంటుంది. అదనపు వైండింగ్ ఉండదు, చవక, రిపేరు సులువు. మొదట స్టార్ట్ చేసినప్పుడు ఇనుములో మిగిలి ఉన్న కొద్దిపాటి అయస్కాంతత్వంతోనే వోల్టేజి లేస్తుంది. చాలాకాలం వాడకుండా ఉంచితే అది పోయి, ఇంజన్ తిరుగుతున్నా వోల్టేజి రాకపోవచ్చు. అప్పుడు ఏవీఆర్ వైర్లు విప్పి, 12 వోల్టుల బ్యాటరీతో ఎక్సైటర్ ఫీల్డ్‌కి క్షణం పాటు కరెంటు తగిలించి లేపుతాం. ప్లస్, మైనస్ తారుమారు చేయకు.

అసలు ఇబ్బంది అది కాదు. లోడ్ కష్టపెట్టినప్పుడు చూడాలి. పెద్ద మోటార్ నేరుగా స్టార్ట్ చేస్తే దాని రేటింగుకి ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది. అవుట్‌పుట్ వోల్టేజి పడుతుంది. సరిగ్గా ఎక్సైటేషన్ పెంచాల్సిన ఆ క్షణంలోనే షంట్ ఏవీఆర్‌కి వచ్చే సప్లై కూడా పడిపోతుంది.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక రాత్రి జరిగింది చెబుతాను. కేబుల్లో మూడు ఫేజులూ కలిసిపోయాయి. లైట్లన్నీ పోయాయి. పరుగెత్తి వెళ్లి చూస్తే ఇంజన్ మామూలుగా తిరుగుతోంది, వోల్ట్ మీటరు ముల్లు సున్నా దగ్గర ఉంది, బ్రేకర్ హ్యాండిల్ మాత్రం పైకే ఉంది, ట్రిప్ కాలేదు. నేను ఏవీఆర్ కాలిపోయిందనుకుని గంటసేపు దాన్నే పట్టుకుని కూర్చున్నాను. జరిగింది వేరు. షార్ట్ కాగానే వోల్టేజి కూలింది, దాంతో ఎక్సైటేషన్ కూలింది, బ్రేకర్‌ని ట్రిప్ చేసేంత కరెంటు నిలవలేదు. కేబుల్ ఎక్కడ పోయిందో వెతకడానికి తెల్లారింది.

ఆగ్జిలరీ వైండింగ్ పద్ధతి దీనికి ఒక మందు. స్టేటర్ (జనరేటర్‌లో తిరగని భాగం) స్లాట్లలోనే ప్రత్యేకంగా రెండు చిన్న వైండింగులు వేస్తారు. ఒకటి వోల్టేజిని బట్టి, రెండోది లోడ్ కరెంటుని బట్టి ఏవీఆర్‌కి సప్లై ఇస్తాయి. షార్ట్ అయినప్పుడు రెండోది ఆదుకుంటుంది. అయితే స్టేటర్ కాలితే రీవైండింగ్ చేసేవాడికి ఆ చుట్లు కూడా సరిగ్గా తెలిసి ఉండాలి.

పీఎంజీ అంటే షాఫ్ట్ చివర బిగించిన చిన్న పర్మనెంట్ మాగ్నెట్ జనరేటర్. లోడ్ ఏమైపోయినా షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ ఏవీఆర్‌కి సప్లై వస్తూనే ఉంటుంది. వోల్టేజి లేవడానికి మిగిలిన అయస్కాంతత్వం మీద ఆధారపడదు. షార్ట్‌లో కూడా సాధారణంగా ఫుల్ లోడ్ కరెంటుకి మూడు రెట్లు 10 సెకన్ల పాటు నిలబెడుతుంది. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. బ్రేకర్‌ని పది రెట్లకు సెట్ చేసి పీఎంజీ ఉందని ధీమాగా ఉంటే లాభం లేదు. మూడు రెట్ల కరెంటుకి ఆ 10 సెకన్లలోపే ట్రిప్ అయ్యేలా సెట్టింగు ఉండాలి.

యూపీఎస్, వీఎఫ్‌డీలు (మోటార్ వేగం మార్చే పరికరాలు) ఎక్కువుంటే అవుట్‌పుట్ తరంగం గరుకుగా తయారవుతుంది. షంట్ ఏవీఆర్ అదే కరెంటు మీద బతుకుతుంది కాబట్టి తడబడుతుంది. పీఎంజీ సప్లై శుభ్రంగా ఉంటుంది. కానీ తరంగాన్ని అది బాగుచేయదు. దానికి ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే భాగం) సైజే పెంచుకోవాలి.

పీఎంజీతో జాగ్రత్తలు రెండు. అవుట్‌పుట్ వోల్టేజి ఎంతుందో ఏవీఆర్‌కి చూపించే సెన్సింగ్ వైరు ఊడితే అది వోల్టేజి లేదనుకుని ఎక్సైటేషన్ పూర్తిగా పెంచేస్తుంది, దానికి సప్లై మాత్రం ఆగదు. అందుకే సెన్సింగ్ పోతే ఆపేసే రక్షణ ఉన్న ఏవీఆర్ అడుగు. రెండోది, ఫ్యూజు తీసినా షాఫ్ట్ తిరుగుతుంటే పీఎంజీ నుంచి ఏవీఆర్‌కి వచ్చే మూడు వైర్లలో వోల్టేజి ఉంటుంది. ఇంజన్ ఆగకుండా చెయ్యి పెట్టకు.

పరీక్ష సులువే. ఇంజన్ ఆపి ఆ మూడు వైర్లు ఏవీఆర్ నుంచి విప్పి, కొసలు దేనికీ తగలకుండా పెట్టు. అప్పుడు ఇంజన్ నడిపి, మల్టీమీటరుతో రెండేసి వైర్ల మధ్య చూస్తే మూడు రీడింగులూ సమానంగా రావాలి. ఎనిమిది పోళ్ల పీఎంజీ అయితే 1500 ఆర్‌పీఎం దగ్గర 100 హెర్ట్జ్ చూపిస్తుంది.

లైట్లు, ఫ్యాన్లు, హీటర్లే అయితే షంట్ కొనేసేయ్, డబ్బు దండగ చేయకు. నువ్వు రాసిన పంపు మోటార్లు చూస్తే మాత్రం నేను పీఎంజీ గానీ ఆగ్జిలరీ వైండింగ్ గానీ ఉన్నదే తీసుకోమంటాను. సంతకం పెట్టేముందు అన్నిటికంటే పెద్ద మోటార్ నేమ్‌ప్లేట్ ఫొటో, అది ఎలా స్టార్ట్ చేస్తారో రాసి పంపు. వోల్టేజి ఎంత పడుతుందో లెక్క వేసి చెబుతాను.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య